కండోమ్ చిరిగింది, మాత్ర వేసుకున్న గంటన్నరకు వాంతి అయింది – మళ్లీ వేసుకోవాలా?

సిరిమల్లె | సోమవారం, మధ్యాహ్నం 12.20

అక్కలకు నమస్కారం. పెళ్లై ఎనిమిది నెలలైంది. బీఈడీ చివరి సంవత్సరంలో ఉన్నాను. పరీక్షలు అయ్యేదాకా పిల్లలు వద్దని ఇద్దరం అనుకున్నాం. శనివారం రాత్రి పదకొండు గంటలప్పుడు కండోమ్ చిరిగిపోయింది. ఆదివారం మా ఊళ్లో మందుల దుకాణం తెరవలేదు. పక్క ఊరికి వెళ్దామంటే అత్తమ్మకు ఏమని చెప్పాలో తోచలేదు. ఈ ఉదయం కాలేజీకి వెళ్తూ బస్టాండు దగ్గర గర్భం రాకుండా వేసుకునే 72 గంటల మాత్ర కొని, పది గంటలకు వేసుకున్నాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. పదకొండున్నరకు వాంతి అయింది. మాత్ర పడిపోయిందో లేదో తెలియలేదు.

మా తోడికోడలికి ఫోన్ చేస్తే, ఒక్కసారి వేసుకున్నందుకే ఇక పిల్లలు పుట్టరేమోనని భయపెట్టింది. మళ్లీ వేసుకోవచ్చా? వేసుకుంటే ఎక్కువైపోతుందా? చేతులు వణుకుతున్నాయి. ఎవరైనా తొందరగా చెప్పండి.

మందులకొట్టు | సోమవారం, మధ్యాహ్నం 12.31

అమ్మా, ముందు భయం పక్కన పెట్టు. వేసుకున్న రెండు గంటల లోపు వాంతి అయితే మాత్ర ఒంటికి పట్టనట్టే లెక్క. ఇంకొకటి వేసుకోవాలి. ఇప్పుడే వెళ్లి కొను, సాయంత్రం దాకా ఆగవద్దు. వాంతి ఆగే మాత్ర కూడా దుకాణంలో అడిగి తీసుకో. ముందు ఏదైనా తిను, పెరుగన్నమో రెండు ఇడ్లీలో చాలు. తర్వాత వేసుకో.

పెట్టె వెనక చదువు. లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు అని ఉండాలి, లోపల ఒకే మాత్ర ఉండాలి. ఐ-పిల్ అయినా అన్‌వాంటెడ్-72 అయినా లోపలి మందు ఒకటే. ఐదు మాత్రల కిట్ చేతిలో పెడితే మాత్రం తీసుకోవద్దు. మిఫెప్రిస్టోన్ ఒకటి, మిసోప్రోస్టోల్ నాలుగు ఉండే ఆ కిట్ గర్భస్రావానికి వాడేది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది. పేర్లు దగ్గర దగ్గరగా ఉండటంతో ఆడపిల్లలు తికమకపడి తప్పు పెట్టె తీసుకువెళ్లడం పంతొమ్మిదేళ్లుగా కౌంటరు వెనక నిలబడి చూస్తున్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

72 గంటల మాత్రకు మన దేశంలో 2005 నుంచి చీటీ అవసరం లేదు. నీ పేరు, పెళ్లైందా లేదా అనే ప్రశ్నలు అడిగే హక్కు దుకాణదారుకు లేదు.

సిరిమల్లె | సోమవారం, మధ్యాహ్నం 1.40

కాలేజీ క్యాంటీనులో ఉప్మా తిని, ఒకటింబావుకు రెండో మాత్ర వేసుకున్నాను. వాంతుల మాత్ర కూడా వేసుకున్నాను. ఇప్పటిదాకా కడుపులో నిలిచింది. అన్నయ్యా, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

గోదావరి_ఏఎన్‌ఎం | సోమవారం, సాయంత్రం 4.05

చెల్లీ, ఆదివారమంతా ఊరికే పోయిందని చదివితే ప్రాణం ఉసూరుమంది. మీ ఊళ్లో ఆశా కార్యకర్త ఉండే ఉంటుంది. ఆమె దగ్గర ఈజీ పిల్ అనే ప్రభుత్వ మాత్ర ఉంటుంది. మందు అదే, మోతాదూ అదే. పీహెచ్‌సీలోనూ సబ్ సెంటరులోనూ ఉచితం. ఇంటికి తెచ్చి ఇచ్చినందుకు ఆశా తీసుకునేది రెండు రూపాయలు. దుకాణంలో సుమారు వంద రూపాయలు పెట్టే మాత్ర అది.

ఇరవై ఆరేళ్లు ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో తిరిగే ప్రభుత్వ నర్సుగా చేసి మొన్ననే పదవీ విరమణ చేశాను. ఎన్ని సబ్ సెంటర్లలో ఈ మాత్రలు ఎవరూ అడగక గడువు తీరిపోయాయో నాకు తెలుసు. అదే ఊళ్ల నుంచి ఆడవాళ్లు మూడో నెలలో ఏడుస్తూ వచ్చేవారు. మేమూ సమావేశాల్లో రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రల గురించి, ఆపరేషన్ గురించి చెప్పినంతగా దీని గురించి చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

డాక్టర్_గుంటూరు | సోమవారం, రాత్రి 9.15

స్త్రీల వైద్యురాలిని. పైన చెప్పిన సలహా సరైనదే. సిరిమల్లె చేయాల్సింది చేసింది. అయితే ఈ మాత్ర లోపల ఏం చేస్తుందో తెలిస్తే సగం భయాలు వాటంతట అవే పోతాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నెలకొకసారి అండాశయం నుంచి అండం విడుదల అవుతుంది. దానికి ముందు మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా ఉప్పెనలా వస్తుంది. అండానికి బయలుదేరమని చెప్పేది అదే. లెవోనార్‌జెస్ట్రెల్ ఆ ఉప్పెనను అణచిపెడుతుంది, లేదా కొన్ని రోజులు వెనక్కి నెడుతుంది. వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు బతికి ఉండగలవు. అండం బతికేది ఒక్క రోజే. కణాలు ఎదురుచూసి ఎదురుచూసి చనిపోతాయి, అండం ఆ తర్వాత వస్తుంది, ఇద్దరూ కలవరు. మాత్ర చేసే పని ఇంతే.

ఉప్పెన మొదలైపోయాక ఈ మాత్ర దాదాపు ఏమీ చేయలేదు. గంటలు లెక్కపెట్టమని మేము పోరేది అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో మొదటి 24 గంటల్లో వేసుకున్నవారిలో రావలసిన గర్భాల్లో 95 శాతం ఆగాయి. రెండో రోజు వేసుకుంటే 85 శాతం, మూడో రోజైతే 58 శాతం. ‘72 గంటలు’ అన్న పేరు చూసి మూడు రోజులు తీరుబడి ఉందనుకుంటారు. లేదు. మూడు రోజులు దాటినా ఐదో రోజు వరకు కొంత ఫలితం ఉండవచ్చు కానీ, అప్పుడు మాత్రను నమ్ముకోవడం కంటే మంచి దారి ఉంది.

ఆ దారి కాపర్-టి, అంటే గర్భసంచిలో అమర్చే రాగి సాధనం. ఐదు రోజుల లోపు వేయించుకుంటే 99 శాతానికి పైగా గర్భం రాదు. రాగి వీర్యకణాలను పనికిరాకుండా చేస్తుంది. బరువు ఎక్కువైనా, ఇతర మందులు వాడుతున్నా దాని పని తగ్గదు. పైగా 380ఎ రకం పదేళ్లు ఉంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. కావాలనుకున్నప్పుడు తీయించుకుంటే మామూలుగానే గర్భం వస్తుంది. పిల్లలు పుట్టనివారికి వేయకూడదన్నది పాత అపోహ.

తోడికోడలు అన్నమాటకు జవాబు: ఈ మాత్ర వల్ల సంతానం పోదు. కొన్ని రోజుల్లో మందు ఒంట్లోంచి వెళ్లిపోతుంది. రెండు మాత్రలు పడినందుకు ప్రమాదమేమీ లేదు.

ఇక వచ్చే వారాల్లో తలనొప్పి, రొమ్ములు సలపడం, నీరసం, మధ్యలో కాస్త ఎర్రబట్ట కనిపించడం జరగవచ్చు. నెలసరి వారం ముందో వారం వెనకో రావచ్చు. వారానికి మించి ఆలస్యమైతే పరీక్ష చేసుకోవాలి. కలిసిన రోజు నుంచి మూడు వారాలు గడిచాక ఉదయం మూత్రంతో చేసిన పరీక్ష నమ్మదగినది. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ట్యూబులో గర్భం నిలిచిందేమో చూడాలి.

సిరిమల్లె | సోమవారం, రాత్రి 10.02

మేడమ్, ఇంత ఓపికగా రాశారు. ఒక్క సందేహం. మాత్ర వేసుకున్నాను కాబట్టి ఈ నెలంతా ఇక ఫరవాలేదా?

డాక్టర్_గుంటూరు | సోమవారం, రాత్రి 10.20

మంచి ప్రశ్న వేశారు. ఫరవాలేదనుకోవడమే అసలు ప్రమాదం. అండం రావడం ఆగిపోలేదు, వాయిదా పడింది. ఇంకో నాలుగైదు రోజులకు రావచ్చు. ఆ రోజుల్లో రక్షణ లేకుండా కలిస్తే గర్భం వచ్చే అవకాశం బాగా ఉంటుంది. మాత్ర వెనక్కి మాత్రమే పనిచేస్తుంది, ముందుకు కాదు. నెలసరి వచ్చేదాకా ప్రతిసారీ కండోమ్ వాడండి. రోజూ వేసుకునే మాత్రలు మొదలుపెట్టాలనుకుంటే రేపే మొదలుపెట్టవచ్చు, అయితే మొదటి ఏడు రోజులు కండోమ్ తప్పదు.

లక్ష్మీనివాసం | మంగళవారం, ఉదయం 6.40

నాకు అరవై రెండేళ్లు. ఇద్దరు ఆడపిల్లల తల్లిని. ఎవరినీ నొప్పించాలని రాయడం లేదు. నా మనసులో ఉన్నది దాచుకోలేక అడుగుతున్నాను. కడుపులో పడిన ప్రాణాన్ని తీసేసే మాత్ర కాదా ఇది? మా రోజుల్లో ఇలాంటివి పాపమనేవారు. ఇంత తేలిగ్గా దొరకడం మంచిదేనా?

డాక్టర్_గుంటూరు | మంగళవారం, ఉదయం 8.10

అమ్మా, మీరు అడిగినందుకు సంతోషం. చాలామంది తల్లులు అడగకుండానే తీర్పు చెప్పేస్తారు.

కాదమ్మా. ఇది గర్భస్రావం చేయదు. అండం బయటికి రాకముందే దాన్ని ఆపుతుంది, కాబట్టి అక్కడ తీయడానికి ప్రాణమంటూ ఏర్పడదు. అండం విడుదలైపోయిన తర్వాత ఈ మాత్ర వేసుకున్నవారిని పరిశీలించి చూశారు. మాత్ర వేసుకోకపోతే ఎంతమందికి గర్భం వస్తుందో ఇంచుమించు అంతమందికీ వచ్చింది. అంటే కలిసిన అండాన్ని గర్భసంచిలో నిలవకుండా చేసే శక్తి దీనికి లేదన్నమాట. అప్పటికే గర్భవతి అయి తెలియక వేసుకున్నా ఆ గర్భం పోదు, బిడ్డకు హాని జరుగుతుందని ఎక్కడా తేలలేదు. గర్భం తీయడానికి వాడేవి వేరే మందులు, వాటి గురించే మందులకొట్టు అన్నయ్య నిన్న హెచ్చరించారు.

డల్లాస్_తెలుగమ్మాయి | మంగళవారం, ఉదయం 8.55

లక్ష్మిగారూ, అమెరికాలో కూడా ఇదే అనుమానం ఏళ్ల తరబడి నడిచింది. ఇక్కడ ఈ మందును ప్లాన్ బి అంటారు. దాని పెట్టెలోని కాగితంపై ‘గర్భసంచిలో నిలవకుండా చేయవచ్చు’ అనే మాట ఉండేది. 2022 డిసెంబరులో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మాటను తీసేయించింది. 2013 నుంచి వయసుతో పనిలేకుండా దుకాణంలో అరమీద నుంచి తీసుకోవచ్చు.

ఇక్కడికి కొత్తగా చదువుకు వచ్చే మన అమ్మాయిలకు ఇంకో మాట. ఐదు రోజుల వరకు పనిచేసే యులిప్రిస్టల్ అనే 30 మిల్లీగ్రాముల మాత్ర కూడా ఉంది, అమెరికాలో దానికి చీటీ కావాలి. బరువు 70 కిలోలు దాటినవారిలో లెవోనార్‌జెస్ట్రెల్ ఫలితం తగ్గవచ్చంటారు కాబట్టి అలాంటివారు యులిప్రిస్టల్ గురించీ కాపర్-టి గురించీ డాక్టరును అడగాలి. నాకు ఈ విషయం తెలియక మొదటి ఏడాది చాలా దిగులుపడ్డాను.

లక్ష్మీనివాసం | మంగళవారం, ఉదయం 9.30

ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకున్నాను. మా చిన్నమ్మాయి పెళ్లికి ముందు హాస్టలులో ఉన్నప్పుడు దాని సంచిలో ఇలాంటి పెట్టె చూసి నేను అన్న మాటలు ఇప్పుడు గుర్తొస్తున్నాయి. ఈ రోజు దానికి ఫోన్ చేస్తాను.

నిరీక్షణ | మంగళవారం, మధ్యాహ్నం 2.15

డాక్టరుగారూ, నాకు క్షయ ఉంది, మూడో నెల మందులు వాడుతున్నాను. ఇప్పుడు గర్భం రాకుండా చూసుకోమన్నారు. ఒకవేళ మాకూ ఇలాంటి పొరపాటు జరిగితే ఈ మాత్ర వేసుకోవచ్చా?

డాక్టర్_గుంటూరు | మంగళవారం, రాత్రి 9.40

మీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది. అది కాలేయాన్ని వేగిరపరచి ఈ మాత్రను తొందరగా కరిగించేస్తుంది. మామూలు మోతాదు సరిపోదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ విషయంలోనూ ఇంతే. మీలాంటివారికి ముందుగా చెప్పేది కాపర్-టి. అది కుదరని పరిస్థితిలో రెట్టింపు, అంటే 3 మిల్లీగ్రాములు ఒకేసారి వేసుకోమంటాం. క్షయ మందులు పూర్తయ్యాక కూడా నెల రోజుల పాటు ఈ జాగ్రత్త ఉండాలి. రోజువారీ గర్భనిరోధక మాత్రలకూ ఇదే ఇబ్బంది. ఈసారి మందులకు వెళ్లినప్పుడు కాపర్-టి గురించి తప్పకుండా మాట్లాడండి. క్షయ మందులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపవద్దు.

మైలాపూరు_మంజు | బుధవారం, ఉదయం 11.00

మేము చెన్నైలో ఉంటాం. తమిళనాడులో ఈ మాత్ర దుకాణాల్లో దొరకడం చాలా ఏళ్లుగా గగనమే. దేశమంతా చీటీ లేకుండా అమ్మే మందు ఇక్కడ ‘లేదు’ అనే అంటారు. నేను ఒక రాత్రి ఆరు దుకాణాలు తిరిగాను. చివరికి మా వారు మర్నాడు సూళ్లూరుపేట వెళ్లి తెచ్చారు. ఎక్కిన రైలు, దిగిన స్టేషను, ప్రతి నిమిషం లెక్కపెట్టుకున్నాం. అప్పటి నుంచి పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఒక మాత్ర తెచ్చి ఇంట్లో ఉంచుకుంటున్నాను. ముందే కొని పెట్టుకోవడం తప్పేమీ కాదు, గడువు తేదీ చూసుకుంటే చాలు.

పసిబిడ్డ_తల్లి | బుధవారం, మధ్యాహ్నం 3.25

పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చా? బాబుకు ఏడో నెల.

గోదావరి_ఏఎన్‌ఎం | బుధవారం, సాయంత్రం 5.10

వేసుకోవచ్చమ్మా, పాలు ఆపనక్కరలేదు. బిడ్డ పాలు తాగుతున్నాడు కదా గర్భం రాదులే అనుకోవద్దు. ఆ ధీమా పనిచేసేది ఆరు నెలల లోపు, నెలసరి మొదలు కాకుండా, బిడ్డ పూర్తిగా తల్లిపాల మీదే ఉన్నప్పుడు మాత్రమే. మీకు ఆ గడువు దాటింది.

రెండోసారి | బుధవారం, రాత్రి 11.30

నా అనుభవం చెప్పాలని మూడు రోజులుగా అనుకుంటున్నాను. పెళ్లికాకముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకే నెలలో ఈ మాత్ర మూడుసార్లు వేసుకున్నాను. అతను కండోమ్ వద్దనేవాడు, ‘మాత్ర ఉందిగా’ అనేవాడు. ఆ తర్వాత నాలుగు నెలలు నెలసరి ఎప్పుడొస్తుందో ఎప్పుడు ఆగుతుందో తెలియలేదు. ఆఫీసులో కూర్చుంటే బట్టలు పాడయ్యేవి. గర్భం వచ్చిందేమోనని వారం వారం పరీక్ష చేసుకునేదాన్ని. ఒంటికంటే మనసుకే ఎక్కువ దెబ్బ తగిలింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ‘మీకేమీ కాలేదు, కానీ రోజూ జరిగే దానికి అత్యవసర మందు ఎందుకు?’ అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు ఉండాల్సింది అతని దగ్గర.

ఛాయా మాత్రలు మొదలుపెట్టాను. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. హార్మోన్ లేని మాత్ర, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టినది. నాకు బాగా పడింది. అతనితో ఇప్పుడు లేను.

డాక్టర్_గుంటూరు | గురువారం, ఉదయం 7.50

‘రెండోసారి’ గారు రాసింది ప్రతి మగవాడూ చదవాలి. ఒకే నెలలో మళ్లీ అవసరపడితే వేసుకోకూడదని కాదు, వేసుకోవచ్చు, ప్రాణాపాయం లేదు. కానీ రోజువారీ మాత్రలు, గర్భం రాకుండా వేసే అంతరా ఇంజెక్షన్, కాపర్-టి ముందు ఇది చాలా బలహీనమైన రక్షణ. సుఖవ్యాధులను, హెచ్‌ఐవీని ఇది ఏమాత్రం ఆపదు.

న్యాయపథం | గురువారం, మధ్యాహ్నం 12.45

న్యాయవాదిగా రెండు విషయాలు రాయాలి. ఇక్కడ చదివి వెళ్లిపోయేవారిలో బలవంతానికి గురైనవారు కూడా ఉండవచ్చు.

అత్యాచారం జరిగితే ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 397వ సెక్షన్ ఇదే చెబుతుంది. పోలీసు ఫిర్యాదు తెస్తేనే చూస్తాం అనడానికి వీల్లేదు. గర్భం రాకుండా మాత్రతో పాటు హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు కూడా 72 గంటల లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. దుకాణంలో మాత్ర కొనుక్కొని ఇంట్లో ఉండిపోతే ఆ రెండోది చేజారుతుంది. మహిళా సహాయ సంఖ్య 181, అత్యవసరమైతే 112. బాధిత మహిళలకు అండగా జిల్లాల్లో సఖి కేంద్రాలు, తెలంగాణలో భరోసా కేంద్రాలు ఉన్నాయి.

రెండోది. మాత్ర వేసుకున్నా గర్భం వస్తే, గర్భస్రావంపై ఉన్న 1971 చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం గర్భనిరోధం విఫలమైందన్న కారణంతో 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయంతో గర్భం తీయించుకోవచ్చు. పెళ్లికానివారికీ ఇది వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం అడగకూడదు. ఆమె వివరాలు బయటపెట్టడం నేరం.

సిరిమల్లె | మొదటి పోస్టుకు ఇరవై ఆరు రోజుల తర్వాత, శనివారం, ఉదయం 9.05

అందరికీ నమస్కారం. నా తేదీ దాటి ఎనిమిది రోజులైనా నెలసరి రాలేదు. ఆ ఎనిమిది రోజులూ పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కలేదు. మూడు వారాలు దాటాక ఉదయాన్నే పరీక్ష చేసుకున్నాను, ఒకటే గీత. డాక్టరుగారు చెప్పిన మాట గుర్తుంచుకొని ఆగాను. మొన్న గురువారం నెలసరి వచ్చింది. మామూలుకన్నా ఎక్కువగానే ఉంది కానీ నొప్పి లేదు.

మా వారితో మొత్తం ఈ పేజీ చదివించాను. ‘రెండోసారి’ అక్క రాసింది చదివి చాలాసేపు మాట్లాడలేదు. ఆదివారం దుకాణం మూసి ఉందని తెలిసినప్పుడే బండి తీసుకొని తను వెళ్లి ఉండాల్సిందని తనే అన్నారు. నిన్న ఇద్దరం కలిసి పీహెచ్‌సీకి వెళ్లాం. పరీక్షలయ్యేదాకా మాలా-ఎన్ వాడదామని నిర్ణయించుకున్నాం.

మా ఆశా అక్క ఇల్లు మా వీధి చివరే. ఇన్నాళ్లూ ఆమె పోలియో చుక్కలకు మాత్రమే వస్తుందనుకున్నాను. ఆమె దగ్గర ఒక ఈజీ పిల్ తీసుకొని, గడువు తేదీ పెన్నుతో పెద్దగా రాసి బీరువాలో పెట్టాను. రెండు రూపాయలు ఇవ్వబోతే ఆమె నవ్వి, ‘ఈ ఏడాది నన్ను అడిగిన మొదటిదానివి’ అన్నది.

గోదావరి_ఏఎన్‌ఎం | శనివారం, ఉదయం 9.40

చెల్లీ, మీ తోడికోడలికి కూడా ఆ ఇల్లు చూపించు.